కొడుకు పాదం కింద కొంగ మెడ

నా చిన్నప్పుడు మా ఊరు ఏడాదికి ఒక్క పగలు పూర్తిగా ఖాళీ అయ్యేది. నేను చెప్పబోయే పగలు 1954 ఫిబ్రవరి పదిహేడు, బుధవారం, మాఘ పౌర్ణమి. సమయం ఉదయం ఆరున్నర. ఆకాశంలో మబ్బు తునక లేదు. తూర్పు గాలికి ఎర్రదుమ్ము మోకాలెత్తున లేస్తోంది. చలి ఎంతో చెప్పలేను. దాన్ని కొలిచే సాధనం మా ఊళ్లో లేదు. బడి రిజిస్టరు ప్రకారం నాకు పదేళ్లు.

ధర్మవరానికి తూర్పున ఉన్న మా ఊళ్లో ఆ పౌర్ణమినాడు పొద్దు పొడిచాక ఏ ఇంటా పొయ్యి వెలగకూడదు, మనిషన్నవాడు నిలవకూడదు. హిందువులు, ముసల్మానులు, గొడ్లు, కోళ్లు సమస్తమూ మైలున్నర దూరంలోని దర్గా తోపుకు పోయి, ముందురోజు వండుకున్న సద్దులు తిని, చంద్రుడు వచ్చాక తిరిగి రావాలి. ఒక్క ప్రాణి వెనక మిగిలినా ఆ ఏడు వాన రాదని నమ్మకం. అప్పటికి రెండేళ్లుగా సరైన వాన లేదు. దాచిన విత్తనం కూడా వండుకు తినేసిన ఇళ్లు ఉన్నాయి.

మా చిన్నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నేసేది సావుకారు ఇచ్చిన అంచు. గీయాలని తపించేది తన సొంత బొమ్మ. తీరిక దొరికితే ముగ్గుపిండితో ఇంటి బండల మీద కొంగలు, నెమళ్లు గీసేవాడు. ముగ్గు ఆడవాళ్ల పని గనుక తోటి మగ్గాలవాళ్లు, రేపటి నుంచి కళ్లాపి కూడా నువ్వే చల్లుతావా అప్పా అని ఎగతాళి చేసేవారు. ఆ మాటకు ఆయన నవ్వేవాడు. తన గీత విషయంలో మాత్రం నవ్వలేకపోయేవాడు. ప్రతి బొమ్మా మెడ దగ్గరికి వచ్చేసరికి చెడిందనిపించి, అరచేత్తో చెరిపేసేవాడు. ఒకసారి నన్ను పిలిచి ఇది కొంగలా ఉందా అని అడిగాడు. పారలా ఉందన్నాను. చాలాసేపు చూసి, నిజమేనని చెరిపేశాడు.

ఆయన కొడుకు, నాకు తమ్ముడి వరస, అప్పటికి ఏడేళ్లవాడు. వాడి రెండో ఏట చిన్నమ్మ జ్వరంతో పోయింది. వాడు మాట్లాడడు, మన మొహం చూడడు, గడప దాటడు. బలవంతాన దాటిస్తే బండకేసి తల కొట్టుకుంటాడు. దాన్ని ఆటిజం అంటారని నాకు తెలిసేసరికి నాకు యాభై నిండాయి. ఆనాడు ఊరు దానికి దయ్యమని పేరు పెట్టింది. ఒక మంత్రగాడు వచ్చి మిరపకాయల పొగ పట్టి, చింతబరికెతో వాడి వీపు చీల్చాడు. మూడో దెబ్బకు చిన్నాయన వాడి మీద పడుకున్నాడు. తక్కిన దెబ్బలన్నీ ఆయనే తిన్నాడు. ఆ సాయంత్రం మా అవ్వ ఆయన వీపుకు ఆముదం రాస్తుంటే ఆయన అన్న మాట నాకు గుర్తుంది. "బొమ్మా కుదర్లా, బిడ్డా కుదర్లా. నా చేతిలోనే ఏందో లోపముండాదిమా."

తమ్ముడికి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ గీత కనిపించినా దాని మీద వేలు పెట్టి కొస దాకా పోయేవాడు. మధ్యలో చెరిపితే గుక్కపట్టి అరిచేవాడు. చిన్నాయన బొమ్మ చెరిపిన ప్రతిసారీ ఇంట్లో ఈ గోల తప్పేది కాదు. అది పిల్లవాడి మొండితనమని ఆయన అనుకున్నాడు; మేమూ అలాగే అనుకున్నాం.

కిందటేడు పౌర్ణమికి వాణ్ని కదిలించలేక, చిన్నాయన బయట తాళం వేయించుకుని, వాడితో పాటు మగ్గం గుంటలో రోజంతా దాక్కున్నాడు. ఆ సంగతి ఈ ఏడు పౌర్ణమి ముందురోజు పొక్కింది. ఎవరి నోట పొక్కిందో నేటికీ తెలియదు. వాన ఎందుకు రాలేదో ఊరికి జవాబు దొరికింది.

తెల్లవారేసరికి ముప్పై మందికి తక్కువ కాకుండా మా వాకిట నిలిచారు. చేతుల్లో కట్టెలు, బండి తాళ్లు. ఊరి పెద్దరెడ్డి పిల్లవాణ్ని కట్టి బండిలో వేయమన్నాడు. చిన్నాయన తలుపు మూశాడు. మొదటి రాయి తలుపుకు తగిలింది, రెండోది కిటికీలోంచి వచ్చి మా అవ్వ మోచేతికి. ఆ తరువాతి రాళ్లను నేను లెక్కపెట్టలేకపోయాను. తలుపు ఊడి లోపలికి పడింది. నలుగురు చొరబడి పిల్లవాడి కాళ్లు పట్టి ఈడ్చారు. అడ్డుపడిన చిన్నాయన ఎడమ చేతి మీద ఒక కట్టె బలంగా దిగింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. విరిగింది కట్టె కాదు. ఈడ్చినంత మేరా వాడు తల బండకు బాదుకుంటూనే ఉన్నాడు. నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారింది. "సచ్చినా మేలే, ముందు పొలిమేర దాటించండి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. గొంతు పెంచకుండా అన్నారు.

అప్పుడు చిన్నాయన ముగ్గు డబ్బాలో కుడిచెయ్యి ముంచి, కొడుకు వేళ్ల ముందు బండ మీద ఒక గీత గీశాడు. వాడి తల ఆగింది. వేలు గీత మీదికి వచ్చింది. పట్టుకున్నవాళ్లు రక్తం చూసి అప్పటికే చేతులు వదిలారు. గీత గడప ఎక్కి, దిగి, వాకిట్లోకి పోయింది. వాడు దాని వెంట పాకుతూ, మొదటిసారి తనంతట తాను గడప దాటాడు.

వాకిట్లో ఒక యువకుడు వేళాకోళానికి గీతను కాలితో రుద్దాడు. పిల్లవాడు కేకపెట్టి మళ్లీ తల నేలకు కొట్టాడు. ఎవరినీ ఏనాడూ పల్లెత్తు మాట అనని చిన్నాయన, పడి ఉన్న కట్టె తీసి ఆ మనిషి మోకాలి మీద కొట్టాడు. అతను కూలాక మళ్లీ కొట్టాడు.

"ఈ గీత తొక్కాలంటే ముందు నన్ను సంపండి."

కట్టెలు లేచాయి. పెద్దరెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు. "జరగండప్పా. పోతాండాడు గదా, పోనీండి."

జనం రెండు పక్కలకూ తప్పుకున్నారు. డబ్బా మోసింది నేను. వీధి చివరికి పిండి అయిపోయింది. ఆపైన చిన్నాయన ఆ కట్టె మొనతోనే గట్టినేల మీద గీసుకుంటూ నడిచాడు. విరిగిన చెయ్యి పక్కన వేలాడుతోంది. కొడుకు ఇప్పుడు లేచి, గీత మీద పాదం వెంట పాదం వేస్తున్నాడు. గీత తిన్నగా ఉన్నచోట వాడి నడక మందగించేది, ఒంపు తిరిగిన చోట వేగం వచ్చేది. అది గమనించి చిన్నాయన గీతను వంచడం మొదలుపెట్టాడు. ఒంపు నెమలి తోకయింది, తోక కొసన కొంగ రెక్క పుట్టింది. కొంగ మెడ దగ్గర ఆయన ఆగాడు. అలవాటు చొప్పున అరచెయ్యి చెరపడానికి నేలకు వాలింది. కొడుకు పాదం అప్పటికే ఆ మెడ మీద ఉంది. ఆయన కాసేపు ఆ పాదాన్నే చూసి, చెయ్యి తీసేసి, ముందుకు గీశాడు. తోపు చేరేదాకా ఇక ఏ బొమ్మ దగ్గరా ఆగలేదు.

ఆ బొమ్మలు బాగా వచ్చాయా అంటే నా దగ్గర ఆధారం లేదు. వెనక వస్తున్న గొర్రెల మంద వాటిని తొక్కేసింది. ఆయన ఎడమ చెయ్యి మళ్లీ చక్కబడలేదు, మగ్గం వదులుకోవలసి వచ్చింది. గీయడం మాత్రం మానలేదు. ఇంట్లో చెరపడం మానేశాడు. ఆ ఏడు కూడా వాన రాలేదు.

నేను పెరిగి ముప్పైనాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. ఏ పిల్లవాడి పలక మీదా తప్పును నా చేత్తో తుడవలేదు. వాడు ఆ తప్పు మీద ఎంతదాకా నడిచివచ్చాడో చూసి, అక్కడి నుంచి ముందుకు గీత గీసిచ్చాను. ఆ పగలు నాకిచ్చింది అదే, ఇప్పటికీ నాతో ఉన్నదీ అదే.

ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. కిందటేటి మోసం తెలిసింది గనుక, చీకటి పడేముందు పెద్దరెడ్డి తోపులో తలలు లెక్కపెట్టించాడు. తలారి అందరినీ వరసగా నిలబెట్టి లెక్కపెట్టి, నాలుగువందల పదకొండు అన్నాడు. చిన్నాయన లేచి తన కొడుకును ఎక్కడ కలిపావని అడిగాడు. వాణ్ని మనుషుల్లో వేయలేదని తలారి జవాబిచ్చాడు.

"పొద్దున కొట్టేటప్పుడు మనిషే గదప్పా. మల్లా మొదుట్నుంచి లెక్కపెట్టు."

తలారి పెద్దరెడ్డి వైపు చూశాడు. పెద్దరెడ్డి తల ఊపాడు. వరస మళ్లీ నిలిచింది, లెక్క మళ్లీ ఒకటి దగ్గర మొదలైంది. తలారి వెంట నేనూ మనసులో లెక్కపెట్టాను. మొత్తం నాలుగువందల పన్నెండు.