లాటిన్ వాళ్ల కన్ను, దేవదానం తలనొప్పి

ఈ సాయంత్రం సూళ్లూరుపేట రీడింగ్ రూములో నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ, నా స్నేహితుడు దేవదానమూ మద్రాసు నుంచి పోస్టులో వచ్చే పాఠాలతో ఎస్పెరాంతో నేర్చుకుంటున్నాం. దేశదేశాల వాళ్లూ మాట్లాడుకోవడానికి ఒక పెద్దమనిషి కూర్చిన భాష అది. అందులో అసూయను 'ఎన్వియో' అంటారు. ఆ మాట పుట్టుక వెతుకుదామన్న ఆలోచన నాదే. పట్టుకున్నవాడు మాత్రం దేవదానం. పాస్టరుగారి లాటిన్ నిఘంటువు వాడికే దొరుకుతుంది మరి!

పంచాయతీ రేడియో ఆపించి మరీ అందరికీ చెప్పాడు. ఆ మాట మూలం లాటిన్‌లో ఉందట, ఓర్వలేని చూపు చూడడమని అర్థమట.

"మనం కన్ను కుట్టిందంటామే, వాళ్లకీ రోగం కంట్లోనే ఉండాది!" అనగానే హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కాస్త ఆలస్యంగా.

ఇద్దరం దేవదానం ఇంటికి చేరేసరికి వాడికి తలనొప్పి పట్టుకుంది. చర్చిలో ముందు వరుసలో కూర్చునే వాళ్లమ్మ వీధి తలుపు మూసి, ప్రభువు ప్రార్థన చెబుతూనే గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటలాడింది.

"ఎవురి కన్నో గట్టిగా తగిలినట్టుండాది అబ్బయ్యా. ఆడ ఎవురెవురు ఉండారు?" అని నన్నే అడిగింది.

"హెడ్మాస్టరుగారు ఉండినారు పెద్దమ్మా" అన్నాను.

పాపం, ఆమె నాకూ దిష్టి తీసింది. ఆ ఉప్పు చిటుక్కుమనను కూడా లేదు. నన్ను చూసి కుళ్లుకునేవాడు ఊళ్లో ఒక్కడైనా లేడా? మీరే చెప్పండి, ఇదేం న్యాయం?