కాణిపాకం క్రాస్ దాటి పలమనేరు దాకా

మా బావమరిది మునిరత్నం పాకాలలో తాపీ మేస్త్రి. పోయిన ఏడాది తాగుడు మానేస్తానని కాణిపాకంలో ప్రమాణం చేశాడు. మా వైపు ఇది మామూలే. అక్కడ మాట ఇచ్చి తప్పితే వినాయకుడు ఊరుకోడని నమ్ముతాం. మూడో రోజు వాడికి చేతులు వణికి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇంట్లోవాళ్ళు భయపడి కాస్త తాగిస్తే వణుకు తగ్గింది. దేవుడికి కూడా తాను అక్కర్లేదని వాడు ఆ రోజే తేల్చుకున్నాడు. నిద్ర పట్టడం మానేసింది, పనికి వెళ్ళడం తగ్గింది. ఒక పెద్దాస్పత్రికి తీసుకెళితే ముందు తాగుడు మాని రమ్మన్నారు. తాగుడు మాన్పించే చోటికి వెళితే ముందు మనసు బాగుచేయించుకోమన్నారు. "నేను లేకుంటేనే మీకు బాగుంటాది" అని వాడు భార్య యశోదతో అన్నాడని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. నేను తిరుపతిలో మోటార్లకు వైండింగు చేస్తాను. పలమనేరు దగ్గర ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో తాగుడూ మనసూ ఒకే గదిలో చూస్తారని ఒక రైతు చెప్పాడు. డాక్టరు వచ్చే రోజు కనుక్కుని ఆ రోజు కొట్టు మూసేశాను.

ఉదయం ఆరు గంటలకు పాకాల మీదుగా చిత్తూరు పోయే బస్సెక్కాను. పాకాలలో మునిరత్నం ఎక్కాడు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, విభూతి పెట్టుకున్నాడు. డాక్టరు దగ్గరికి తాగి పోతే మర్యాద కాదని రాత్రి నుంచి చుక్క ముట్టలేదట. నేను మెచ్చుకున్నాను. కాణిపాకం క్రాస్ వచ్చేసరికి టికెట్ పట్టుకున్న చేయి వణుకుతోంది. వాడు తల వంచుకుని, "ఈడ దిగిపోతా బావా. ఆ గుళ్ళో ఆయప్ప నన్ను దాటనియ్యడు" అన్నాడు. బస్సు కదిలేదాకా వాడి చేయి పట్టుకుని కూర్చున్నాను.

చిత్తూరు బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. వాడి టీ సగం చొక్కా మీదే పడింది. అక్కడి నుంచి పలమనేరుకు గంటకు పైగా పడుతుంది. ఘాట్ ఎక్కాక గాలి చల్లబడింది గానీ వాడికి చెమటలు ఆగలేదు. ఇద్దరికీ పోనూ రానూ ఛార్జీలు, టిఫిను కలిపి ఏడు వందలు దాటలేదు. పలమనేరులో షేర్ ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఆస్పత్రికేనా అబ్బా? సిగ్గుపడబాకు. ఈ బండిలో ఆడికి పోయిన మొదటి కేసు నేనే" అన్నాడు. మిగతా సీట్లు నిండకుండానే బండి తీశాడు.

ఆరోగ్య కేంద్రంలో బీపీ వాళ్ళకూ, బాలింతలకూ, మాకూ ఒకటే బెంచీ. వేరే బోర్డు లేదు. పక్కన కూర్చున్న మోకాళ్ళ నొప్పుల అవ్వ "నీకేమి నాయనా?" అని అడిగితే మునిరత్నం "నిద్ర పట్టదవ్వా" అన్నాడు. తన బాధ వాడు పరాయి మనిషికి చెప్పడం అదే మొదలు. నర్సు సుగుణమ్మ వాడి చేయి చూసి వరస తప్పించి లోపలికి తీసుకెళ్ళింది. రాత్రి నుంచి మానేశాడని విని మా ఇద్దరినీ కసిరింది. "గుడికి వచ్చినట్టు శుద్ధంగా వస్తారు అందురూ. తాగినోడ్ని చూసేదానికే కదప్పా మేముండేది!"

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మునిరత్నం ఆమెకు అంతా చెప్పాడు. "మనసులో తాగాలనే ఉండె మేడమ్. అట్లుంటానే ప్రమాణం చేసినాను. దేవునికి తెలిసిపోయి పడేసినాడు."

"ఆ మూడు దినాలు తాగినావా?"

"లేదు."

"మరి మాట తప్పింది యాడ? ఏండ్లుగా తాగే ఒళ్ళు, ఉన్నట్టుండి మానితే ఫిట్స్ వస్తాయి. మాట మీద నిలబడినందుకే పడినావప్పా నువ్వు."

వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని ఆమె సూటిగా అడిగి, నన్ను బయటికి పంపింది. లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. వాడిని ఐదు రోజులు పలమనేరులో ఆస్పత్రిలో ఉంచి, వణుకుకూ దిగులుకూ కలిపి మందులిచ్చారు. వైద్యానికి మాకు పైసా ఖర్చు కాలేదు.

తీసుకొచ్చే రోజు బస్సు మళ్ళీ కాణిపాకం క్రాస్ దగ్గర ఆగింది. ఇంకోసారి ప్రమాణం చేయాలా అని సుగుణమ్మను అడిగాడట. "ఆయనకు దండం పెట్టుకో, మాత్రల లెక్క మాత్రం నాకు చెప్పు అనింది బావా" అని నవ్వాడు. తల ఎత్తి, కిటికీలోంచే గుడి వైపు దండం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒకసారి మళ్ళీ తాగుడులోకి జారాడు. ఇంట్లో దాచలేదు, తనంతట తానే బస్సెక్కి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు గోడలు కడుతున్నాడు, రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. పాకాల వైపు కూడా ఒక కేంద్రంలో ఇలాంటి గది మొదలుపెడుతున్నారని సుగుణమ్మ చెప్పింది. మనిషిని రెండు చోట్లకు తిప్పకుండా ఒకచోట కూర్చోబెట్టి వింటే చాలామంది నిలబడతారు. ఆ బెంచీ మీద నాకా నమ్మకం కుదిరింది. మీరూ ఇలా ఎవరినైనా తీసుకెళుతుంటే ఒక్క మాట: ముందురోజు తాగుడు మాన్పించకండి, ఎలా ఉన్నవాళ్ళను అలాగే తీసుకెళ్ళండి. శుద్ధికి స్నానం ఒక్కటి చాలు.