షామీర్‌పేట నుంచి వచ్చిన ఓటు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అమ్మ దిష్టి తీస్తుంటే కూడా టీవీ వైపు మెడ చాచి చూసేవాణ్ణి. కంప్యూటర్లతో పనిచేసేవాడికి ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. రక్తదాతల వివరాలు చూసే చిన్న సంస్థ ఒకటి మేడ్చల్‌లో ఉండేది. అందులో డేటాబేస్ పని నాది. ఆ ఉద్యోగంలో చేరడానికి కారణం మా చెల్లెలు సుజాత. దానిది బాంబే గ్రూపు. ఓ నెగెటివ్ రక్తం కూడా ఎక్కించకూడదు, అదే గ్రూపువాళ్లు ఇవ్వాలి. అలాంటివాళ్లు చాలా అరుదు. నాదీ ఆ గ్రూపు కాదు.

మాకు రెండు సర్వర్లు. అసలుది మేడ్చల్‌లో, జోడీది అల్వాల్‌లో. ఒకటి పడిపోతే రెండోది తనంతట తానే పని అందుకోవాలి. ఆ ఏర్పాటు నేనే చేశాను. అయితే ఇక్కడో చిక్కుంది. మేడ్చల్ సర్వర్ కనిపించకపోతే, అది నిజంగా చచ్చిందో, మధ్యలో లైను తెగిందో అల్వాల్‌కు తెలియదు. రెండూ ఎవరికివారు పెత్తనం చేస్తే ఒకే దాతను ఇద్దరు రోగులకు పంపేస్తాం. అందుకే మూడో మిషన్ ఒకటి షామీర్‌పేటలో పెట్టాం. దాని పనల్లా ఓటు వేయడమే. మూడు మిషన్లకూ తలా ఒక ఓటు, మూడింట్లో రెండు ఓట్లు పడితేనే సర్వర్ లేస్తుంది. లేకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది.

ఆ మిషన్ ఉన్నది మా సిస్టమ్స్ ఇంజనీర్ మల్లేశ్ వాళ్లింట్లో, రోడ్డు వైపు గదిలో. వాళ్ల బాపు ఆ గది పడగొట్టి దుకాణాలకు మడిగెలు కట్టిస్తానన్నాడు. దాంతో ఈ సంగతి జరిగిన వారమే మల్లేశ్ మిషన్ పీకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బహదూర్‌పల్లిలో కొత్త చోటు చూశాం, లైను ఇంకా రాలేదు.

ఎండాకాలం చివర, ఒక మధ్యాహ్నం, ఈదురుగాలి లేచింది. మా ఆఫీసు మీదే అన్నట్టు పిడుగు పడింది. సర్వర్ గదిలోంచి కమురు వాసన. మేడ్చల్ సర్వర్ పోయింది.

మేమింకా ఆ వాసనలోనే నిలబడి ఉండగా కీసర నుంచి సుజాత భర్త, మా బావగారి ఫోను. సుజాతకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, అక్కడి నర్సింగ్‌హోంలోనే కాన్పు అయింది. బిడ్డ బాగానే ఉంది.

"రక్తం ఆగట్లేదు బావగారూ. మనం మాట్లాడి ఉంచిన వాళ్లల్లో ఒకాయన ఊళ్లో లేడు, ఇంకొకాయన ఫోను ఎత్తట్లేదు. మీ దగ్గర పేర్లుంటాయి కదా, తొందరగా చెప్పండి!"

పేర్లున్నాయి. మూగబోయిన సర్వర్లలో ఉన్నాయి. పాత కాపీ వేరే మిషన్‌లోకి ఎక్కించాలంటే చీకటి పడుతుంది.

అల్వాల్‌లో ఫోన్లు చూసే పద్మకు చేశాను. "నా స్క్రీన్‌లో వెయిటింగ్ అనే చూపిస్తోంది సార్," అంది. ఎలా లేస్తుంది? మూడో ఓటు నా బల్ల మీదుంది, ప్లగ్గు కూడా లేకుండా. ఇక్కడ తగిలిద్దామన్నా, అల్వాల్‌కు వెళ్లే మా లైను కూడా పిడుగుకు పోయింది. అల్వాల్ సర్వర్‌ను బలవంతంగా లేపొచ్చు, కానీ దాని ముందు కూర్చునే చేయాలి. ఆ గది తాళంచెవి మల్లేశ్ దగ్గరుంది.

"నువ్వు ఫోన్లు చూస్కో అన్నా, నేను జల్దీ పోతా," అని మల్లేశ్ వానలోనే బండి తీశాడు.

బావగారు మళ్లీ చేశాడు. వెనక ఎవరో ఆడమనిషి, "కాళ్లు చల్లబడుతున్నాయి," అంటోంది. తెలిసిన బ్లడ్‌బ్యాంకులన్నిటికీ ఫోన్లు చేశాను. ఆ గ్రూపు పేరు వినగానే లేదనేశారు.

అంతలో మల్లేశ్ ఫోను. "చెట్టు పడ్డదన్నా, బండి పోతలేదు. నీళ్లు మస్తుగున్నయ్. నడుస్తున్న."

ఫోను పెట్టేసి బల్ల దగ్గరికి వెళ్లాను. నమ్మకం ఉన్నవాడైతే మొక్కుకునేవాడు. నాకు ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. బల్ల మీదున్న ఆ మిషన్ వైపు చూసి, "లేపవే, దాన్ని లేపవే," అన్నాను. పైకే అన్నాను.

ఫోను మోగింది. పద్మ.

"సార్, లేచింది!"

"మల్లేశ్ వచ్చాడా?"

"ఎవరూ రాలేదు సార్. గది తాళం వేసే ఉంది. ఇదిగో పేర్లొస్తున్నాయి, రాసుకోండి."

కుషాయిగూడలో ఉండే ఒక దాత మొదటి ఫోనుకే పలికాడు. తడుస్తూ స్కూటర్ మీద కీసర చేరాడు. సుజాత బతికింది. చాలాకాలం మంచంలోనే ఉంది కానీ, బతికింది.

మల్లేశ్ అల్వాల్ చేరి తాళం తీసి చూస్తే, సర్వర్ మామూలుగా నడుస్తోంది. దాని సొంత ఓటు కాక రెండో ఓటు ఎక్కడిదని, సర్వర్ అన్నీ రాసుకునే లాగ్‌లో వెతికితే, షామీర్‌పేట మిషన్ పేరు కనిపించింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే పడిన ఓటు.

ఇద్దరం షామీర్‌పేట వెళ్లాం. గది లేదు, తడిసిన ఇటుకల గుట్ట ఉంది. తెగిన కేబుల్‌ను చుట్టి మేకుకు తగిలించారు. మల్లేశ్ అడిగింది విని వాళ్ల బాపు వింతగా చూశాడు.

"ఏందిరా, గోడే లేదంటే డబ్బా యాడుంటది? గీడ కరెంటు తీగ గూడ పీకేసిరి."

తర్వాత ఎన్నోసార్లు పరీక్షించాం. మూడోది లేకుండా, మేడ్చల్‌ది ఆపి చూశాం. అల్వాల్ సర్వర్ ఒక్కసారీ లేవలేదు. ఆ పేరుతో ఇంకో మిషన్ ఎక్కడైనా ఉందేమోనని వెతికాం. లేదు. మల్లేశ్ మాత్రం, "ఇగ వదిలెయ్ అన్నా, చెల్లె మంచిగుంది గదా," అన్నాడు.

నేను వదల్లేకపోయాను. తర్వాత చాలాచోట్ల ఇవే ఏర్పాట్లు చేశాను. కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా అడుగుతారు, "సార్, మూడోది కూడా లేకపోతే?" అని.

"లేవదు," అంటాను.

లెక్క ప్రకారం అదే జవాబు. చెప్పాక కాసేపు వాళ్ల ముఖాల్లోకి చూడలేను.