పిన్ని ఫ్లాస్కులకి బాబాయి రక్తం పడలేదు

సోమవారం పొద్దున బాబాయి రక్తం పుచ్చుకున్నవాళ్లు బుధవారానికల్లా పోయారు. ఒకరిద్దరు కాదు, అందరూ. మంగళవారం కాస్త నలతగా కనిపించారట, అంతే. పోయినవాళ్లు మలేరియా క్రిములు. మా పిన్ని పనిచేసే ప్రయోగశాలలో, వెచ్చటి ఇంక్యుబేటరులో, ఫ్లాస్కుల నిండా ఏ చీకూచింతా లేకుండా బతుకుతున్నవి.

పిన్ని అక్కడ సీనియర్ టెక్నీషియన్. ఆమె పని మలేరియా క్రిముల్ని చంపడం కాదు, పెంచడం. చంపే మందులు వెతికేవాళ్లు పక్క గదిలో ఉన్నారు. వాళ్లు చంపడానికి నవనవలాడే క్రిములు కావాలి కదా, ఆ సరఫరా ఈమెది. అవి మనిషి ఎర్ర రక్తకణాల్లో తప్ప పెరగవు. రోజూ పాత నీరు తీసి కొత్తది పొయ్యాలి, అప్పుడప్పుడూ తాజా రక్తం వెయ్యాలి, ఒక చుక్క గాజుపలక మీద పరిచి రంగేసి చూసుకోవాలి. ఆదివారమని, ఒంట్లో బాగాలేదని చెబితే వినవు. ఒకసారి పెళ్లి భోజనం మధ్యలో “పిల్లలకి పెట్టే టైమైంది” అంటూ పిన్ని లేచిపోతే, పక్కనున్నావిడ ఆమె నెరిసిన జుట్టు వంక, బాబాయి బట్టతల వంక మార్చి మార్చి చూసి, “ఈ వయసులోనా!” అంది. ల్యాబులో అందరూ పిన్నిని ఆయమ్మ అనే పిలుస్తారు.

కొత్త రక్తం వచ్చినప్పుడు అక్కడ ఒక పద్ధతుంది. ముందు ఒకే ఒక్క ఫ్లాస్కుకి పట్టించి, దానికి సరిపడిందో లేదో చూసి, అప్పుడు మిగతావాటికి పొయ్యాలి. ఆ పద్ధతి పెట్టింది పిన్నే. కొత్తగా చేరినవాళ్లకి వేలు చూపించి మరీ చెబుతుంది.

ఆ వారం బ్లడ్ బ్యాంకు చేతులెత్తేసింది. ఫ్లాస్కులేమో ఆకలి మీదున్నాయి. ఇంట్లో చూస్తే బాబాయి ఉన్నాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తన రక్తం ‘ఓ’ గ్రూపని చెప్పుకునే మనిషి. నిజం చెప్పి అడిగినా ఇచ్చేవాడే. కానీ నిజం పొడుగు, అబద్ధం పొట్టి. తొందరలో పిన్ని నోటికి పొట్టిదే వచ్చింది.

“ఏమండీ, ఒక పేషెంటుకి అర్జెంటుగా రక్తం కావాలిట.”

బాబాయి అప్పటికే చొక్కా చెయ్యి మడిచేశాడు.

ఆ రక్తాన్ని పిన్ని కడిగి, శుభ్రం చేసి, అన్ని ఫ్లాస్కులకీ ఒకేసారి పోసేసింది. తన పద్ధతి తనకే గుర్తులేదా అంటే ఉంది. మా ఆయన రక్తమేగా, ఊరూపేరూ తెలియనిదా అనుకుంది. ఇంట్లో వండిన అన్నానికి గడువు తేదీ ఎవరు చూస్తారు?

బాబాయి డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఆ రోజు నుంచి ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ఆయన బండిలో రక్తదానం మీద ఉపన్యాసమే. పచ్చ లైటు పడి వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నా, నేర్చుకునేవాళ్లు పాపం గురువుగారి మాట మధ్యలో క్లచ్ వదల్లేక కూర్చునేవాళ్లు. సాయంత్రం ఇంటికొస్తే ఒకటే ప్రశ్న.

“మనవాడెలా ఉన్నాడు?”

“లేచి కూర్చున్నాడటండీ.”

మర్నాడు మనవాడు నడిచాడు. ఆ మర్నాడు, అంటే ల్యాబులో అందరూ పోయిన బుధవారం నాడు, బాబాయి పళ్లు కొనుక్కొచ్చి చూసొస్తానని బయల్దేరాడు. “డిశ్చార్జి చేసేశారండీ!” అంది పిన్ని. ఆ పళ్లు నేను తిన్నాను. వాళ్ల పక్క వాటాలోనే ఉంటాను. మా మధ్య గోడ బాగా సన్నం. ఈ కథ నాకింత వివరంగా తెలియడానికి కారణం ఆ రెండే.

ల్యాబులో నేరం ఇంక్యుబేటరు మీద పడింది. పెద్ద డాక్టరుగారు మెకానిక్కుని పిలిపించారు. అతను దాన్ని నిలువునా విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, “దీనికేం రోగం లేదు సార్” అన్నాడు. “లేకపోతే అన్నీ ఎందుకు చస్తాయయ్యా?” అని పెద్ద డాక్టరుగారు అతని మీద లేచారు. పిన్ని అక్కడే నిలబడి తల దించుకుంది.

ఫ్రిజ్జులో బాబాయి రక్తం కాస్త మిగిలింది. ఆమె ఎవరికీ చెప్పకుండా దాన్ని రక్తపు జబ్బులు చూసే గదికి పట్టుకెళ్లింది. అక్కడ వడపోత కాగితం మీద రసాయనంతో కలిపి చుక్క పెట్టి, చీకట్లో నీలి దీపం కింద చూస్తారు. మంచి రక్తపు చుక్క మెరుస్తుంది. పక్కనున్న చుక్కలన్నీ మెరిశాయి. బాబాయిది మెరవలేదు.

ఎర్రకణాల్ని కాపాడే ఎంజైమ్ ఒకటి బాబాయికి పుట్టుకతోనే తక్కువ. అలాంటి కణాల్లో మలేరియా క్రిములకి బతుకు కష్టం. మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, మనిషికి తెలియను కూడా తెలియదు. కానీ కొన్ని రకాల మాత్రలు పడ్డాయంటే కణాలు పటపటా పగిలిపోతాయి. ఒంట్లో రక్తం తరిగిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు.

ఇది చెప్పాలంటే పేషెంటు సంగతి చెప్పాలి. లేచి కూర్చున్నవాడి సంగతి, నడిచినవాడి సంగతి, డిశ్చార్జయినవాడి సంగతి. రేపు చెబుదాం అనుకుంది పిన్ని. ఆ రేపు చాలాసార్లు వచ్చి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో బాబాయికి రెండో కాఫీ అడగకుండానే వచ్చేది, చొక్కాలు చెప్పకుండానే ఇస్త్రీ అయ్యేవి. “మీ పిన్నికేమైందిరా? భయమేస్తోంది” అన్నాడు నాతో.

ఇలా ఉండగా బాబాయికి మూత్రంలో మంట మొదలైంది. పెళ్లాంతో చెప్పడానికి సిగ్గుపడి, కారు నేర్పే వంకన వెళ్లి ఒక డాక్టరుకి చూపించుకున్నాడు. ఒక శనివారం పొద్దున పిన్ని ఉతకడానికి ప్యాంటు జేబులు తడుముతుంటే మాత్రల అట్ట చేతికొచ్చింది. పేరు చదివింది. బాబాయి ముట్టుకోకూడని మాత్రల్లో అదొకటి. ఒక గూడు ఖాళీగా ఉంది.

గోడ అవతల నాకు బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించింది.

“ఏమండీ! ఇది వేసుకున్నారా?”

“ఇందాకే టిఫిన్ తిని ఒకటి వేసుకున్నా. అయినా నా జేబులు నువ్వెందుకు...”

“డాక్టరు ఏమీ అడగలేదా? రక్తంలో లోపాలేమైనా ఉన్నాయా అని అడగలేదా?”

“అడక్కేం! నాకా, లోపమా అన్నాను. మొన్ననే ఒక ప్రాణం నిలబెట్టిన రక్తమండీ ఇది అని చెప్పా. ఆయన కూడా మెచ్చుకున్నాడు.”

పిన్ని తడి నేల మీదే చతికిలబడింది. చెప్పాల్సిందంతా అక్కడే చెప్పింది. ఏడుస్తూ చెప్పింది కాబట్టి వరస తప్పింది. ముందు ఫ్లాస్కులు పోయాయి, తర్వాత పేషెంటు లేచి కూర్చున్నాడు, ఆ తర్వాత అసలు పేషెంటే లేడు.

“మరి నడిచాడన్నావు?” అన్నాడు బాబాయి, చిన్న గొంతుతో. పిన్ని తర్వాత నాతో అంది, ఆ ఒక్క మాటకి బదులు ఆయన నాలుగు తిట్టినా బాగుండేదిరా అని.

నేను ఆటో పిలిచాను. డాక్టరు ఆ మాత్రలు ఆపించి వేరేవి రాశాడు, రక్తం తీసి పరీక్షకి పంపాడు, కణాలు పగిలితే మూత్రం నల్లబడుతుంది, రంగు కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆ రెండు రోజులూ పిన్ని బాత్రూము తలుపు దగ్గరే కాపలా.

“ఏమండీ, ఏ రంగులో ఉంది?”

“మెల్లిగా అడగవే!”

“కోలా రంగులో ఉందా?”

“పక్క వాటావాళ్లు వింటున్నారే బాబూ!”

వింటూనే ఉన్నాను. రంగు మారలేదు. రక్తం తగ్గలేదు. ఒక్క మాత్రతో గండం తప్పింది.

సోమవారం పిన్ని పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్లి ఒప్పుకుంది. ఆయన రెండు నిమిషాలు కోప్పడ్డారు. మూడో నిమిషంలో, “అయితే మీ ఆయన రక్తంలో మనవి బతకలేదన్నమాట!” అంటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచులా గడ్డకట్టించి దాచిన గొట్టాల్లోంచి పాత క్రిముల్ని మళ్లీ లేపారు. బాబాయికి విషయమంతా విడమరిచి చెప్పి, ఇష్టమైతే పరిశోధనకి రక్తమివ్వమని కబురు పెట్టారు. బాబాయి ముందు బెట్టు చేసి, తర్వాత వెళ్లాడు. ఇప్పుడు ఎర్ర లైటు దగ్గర ఉపన్యాసం మారింది. నా రక్తం తాగితే మలేరియా చావాల్సిందే అంటాడు. “అది సీసాలో మాటండీ, మీరు దోమతెర కట్టుకునే పడుకోండి” అని పిన్ని నెత్తీనోరూ కొట్టుకుంటోంది.

పిన్ని మాత్రం మళ్లీ మునుపటిలా కాలేదు. బాబాయికి తలనొప్పి మాత్ర కావాలన్నా, దాంతో వచ్చిన కాగితాన్ని భూతద్దం పెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిగానీ ఇవ్వదు. మొన్న నేను వెళ్లేసరికి అదే జరుగుతోంది. బాబాయి తల పట్టుకుని కూర్చున్నాడు.

“చూడరా, నొప్పి దానంతటదే తగ్గిపోయేలా ఉంది. ఆ ఫ్లాస్కుల్ని కూడా ఇంతగా చూసుకోదు మీ పిన్ని!”

పిన్ని కాగితం మీంచి తలెత్తకుండానే అంది:

“వాటిని చూసుకోకే కదండీ పోగొట్టుకున్నాను.”