వీపు తోలు, అరచేతి తోలు

కొవిడ్ తర్వాత తరగతులు మళ్లీ తిన్నగా నడిచిన ఏడాది, సికింద్రాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో నేను అనాటమీ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. ఆ ఏడు సప్లిమెంటరీ పరీక్షలకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. ఎక్స్‌టర్నల్‌గా గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వైవాలో ఆయన అడుగుతారు, నేను పక్కన కూర్చుంటాను. జవాబు అందించకూడదు. ప్రశ్న స్పష్టంగా లేకపోతే మళ్లీ అడగమనవచ్చు. నా అధికారం అంతవరకే.

సీతాఫల్‌మండి నుంచి వచ్చే స్వరూపకు అది రెండో ప్రయత్నం. ఇదీ తప్పితే తోటివాళ్లు రెండో ఏడాదికి వెళ్లిపోతారు, తను జూనియర్లతో కూర్చోవాలి. పిల్ల వణకడం చూసి పెద్దాయనకు జాలేసింది. ఇంగ్లిషు మాని తెలుగులో అడిగారు.

"చర్మం ఎక్కడ మందంగా ఉంటుందమ్మా?"

"వీపుకు సార్."

ఆయన మొహం మాడ్చుకుని తక్కువ మార్కు వేసేశారు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. చర్మానికి రెండు పొరలు: పైన ఎపిడెర్మిస్, దాని కింద డెర్మిస్. అరచేతుల్లో, అరికాళ్లలో పైపొర మందం, వెంట్రుకలు ఉండవు. పుస్తకాల్లో థిక్ స్కిన్ అనే పేరు దానికే. మిగతా ఒళ్లంతా థిన్ స్కిన్. అయితే వీపున కింది పొర బాగా దళసరి. రెండూ కలిపి చూస్తే ఒంట్లో అన్నిటికంటే మందమైన తోలు అక్కడే, పేరుకు మాత్రం అది థిన్ స్కిన్. ఎన్నేళ్లు పాఠం చెప్పినా, ఈ పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు కోపం పోలేదు.

ఇంతకీ పిల్ల చెప్పింది తప్పా, ఒప్పా? పుస్తకాన్ని బట్టి తప్పు, ప్రశ్నను బట్టి ఒప్పు. నాకే తేలడం లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి ఆ ప్రశ్నను పుస్తకంలోని మాటతోనే మళ్లీ అడగమని పెద్దాయనను కోరాను. ఎందుకన్నట్టు ఆయన అయోమయంగా చూశారు. చెబితే జవాబు అందించినట్టవుతుందని నేను నోరు మెదపలేదు.

"థిక్ స్కిన్ ఎక్కడుంటుంది?"

"అరచేతులకు, అరికాళ్లకు సార్."

మరి ఇందాక వీపన్నావేమని ఆయన గద్దించారు. స్వరూప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు మీరు థిక్ స్కిన్ అడిగిన్రు సార్. ఇందాక మందం ఏడుంటదని అడిగిన్రు. అది వీపుకే కద."

పెద్దాయన కాసేపు తన అరచేయి చూసుకున్నారు. తర్వాత వేసిన మార్కు కొట్టేసి, కొత్తది వేశారు. పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం. పాసో ఫెయిలో తెలియక ఆ పిల్ల తలుపు దగ్గర ఆగింది. చెప్పకూడదు గనక మేము చెప్పలేదు.

పాసైన సంగతి ఫలితాల రోజునే తెలిసింది. జాలిపడి ప్రశ్నను తెలుగులో అడిగినప్పుడు, జవాబును కూడా తెలుగులోనే దిద్దాలి. రిటైరయ్యే దాకా నేను ఈ నియమం తప్పలేదు.