సభా నాయకుడికి మా ఊరి జొన్నలు

మొన్న శాసనసభ సమావేశాలు మొదలైన రోజు పొద్దున నేను పీట మీద కూర్చుని మునగాకు దూస్తుంటే, హాల్లో మా ఆయన పోట్లాడుతున్నారు, ఎవరితోనో కాదు, టీవీతోనే. సభా నాయకుడు లేచి నిలబడి, రాష్ట్రం ఆర్థిక పరిస్థితి ఏమీ బాగాలేదని, ఖజానా అడుగంటిందని, ఈ కష్టకాలంలో అందరూ సహకరించాలని నెమ్మదిగా చెబుతున్నాడు. ఆయనది ఏ పార్టీ, పేరేమిటి అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ స్థానంలో ఎవరున్నా గడ్డు ఏడు వచ్చినప్పుడు చెప్పే మాటలు దాదాపు ఇవే. "ముందు ఎవరు తిన్నరో జెప్పమను" అని మా ఆయన రిమోట్‌తో బల్ల మీద కొట్టారు. మామూలుగా అయితే నేనూ లోపల్నుంచి ఓ మాట కలిపేదాన్నే, తక్కిన విషయాల్లో ఎలా ఉన్నా నాయకులను తిట్టడంలో మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. ఆ రోజు మాత్రం ఖజానా అన్న మాట చెవిన పడగానే మునగాకు చేతిలోనే ఉండిపోయింది, మనసు భద్రాచలం అడవి అంచున ఉన్న ఓ చిన్న ఊరికి వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో మా అమ్మ నర్సు. పెంకుటింట్లో రెండు గదులు, ఒక ఇనుప మంచం, మందుల బీరువా, వెనకాల మేముండే క్వార్టరు, అదంతా కలిపి దవాఖానా. నాన్న బస్సు కండక్టరు. సాయంత్రం వచ్చిన బస్సు రాత్రికి మా ఊళ్లోనే ఆగి తెల్లవారి వెళ్లేది కాబట్టి, మా ఇంటికి ఆయన చుట్టపుచూపుగా వచ్చిపోతున్నట్టు ఉండేది. దగ్గర్లో చర్చి లేక ఆదివారం ప్రార్థన ఇంట్లోనే చేసుకునేవాళ్లం, అమ్మ పాట ఎత్తుకుంటే వినడానికి ఊళ్లో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవారు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకునేవారు, మాతో తెలుగులో. నా వయసు వాళ్లకు ఇలాంటి ఊళ్లు గుర్తుండే ఉంటాయి, ఊరి పేరు అడిగితే చెప్పడానికి లేదు గానీ వాసన మాత్రం ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది, ఎండబెట్టిన ఇప్పపువ్వు వాసన, దాంట్లో కలిసిన డెట్టాలు వాసన.

ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు ఉండేది. వానాకాలంలో అది పొంగితే బస్సు అవతలే ఆగిపోయేది. అమ్మ రాకముందు పురుటి నొప్పులు వస్తే మంచానికి వెదురు బొంగులు కట్టి మోసుకుపోయేవారట. ఊరి పెద్ద, మేమంతా తాత అని పిలిచే ఆయన, తన భార్యను అలా మోసుకుపోతూ దారిలోనే పోగొట్టుకున్నాడు. అందుకే ఆయనకు మా దవాఖానా అంటే ప్రాణం. పొద్దున లేవగానే వచ్చి తలుపు తీసి ఉందో లేదో చూసుకుని, అమ్మతో రెండు మాటలు మాట్లాడి, అప్పుడు గాని పనికి పోయేవాడు కాదు. నేను చెప్పబోయే ఏడాది తాత చిన్నకూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండేది సరిగ్గా వాగు పొంగే రోజుల్లో.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పంట పోయిన ఏడు, ఎండలు ముదరకముందే తాత ఊరందర్నీ తన ఇంటి ముందు కూర్చోబెట్టేవాడు. కూర్చోబెట్టి ముందుగా మాట్లాడడు. ఇంట్లోకి వెళ్లి తన గింజల బుట్ట తెచ్చి నలుగురి మధ్యా పెట్టేవాడు, నా దగ్గర ఇంతే ఉంది చూడండి అన్నట్టు. ఆ తర్వాతే కష్టం సంగతి ఎత్తేవాడు. అప్పుడు ప్రతి ఇంటి వాళ్లూ ఉన్నదాంట్లో దోసెడో రెండు దోసిళ్లో తెచ్చి ఆ బుట్టలో పోసేవారు, ఇక ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లు వచ్చి అడిగేవారు. అడిగితే తాత లేదనడానికి వీల్లేదు. నిజంగానే లేకపోతే బుట్ట ఎత్తి అందరి ముందూ బోర్లించి చూపాలి. అదొక్కటే ఆయన లేదని చెప్పే తీరు.

ఆ ఏడు వానలు లేవు. జొన్న చేలు మోకాలెత్తున ఎండిపోయాయి. అలాంటప్పుడు ఒక సాయంత్రం మా అరుగు మీద నాన్న రేడియో పెడితే వార్తల్లో శాసనసభ సంగతి వచ్చింది. సభ మొదలైందనీ, సభా నాయకుడు ఖజానా ఖాళీ అయిందని ప్రకటించాడనీ, ఖర్చు తగ్గించడానికి చిన్న దవాఖానాలను మూసి పెద్ద ఊళ్ల వాటిలో కలుపుతారనీ, ప్రజలు సహకరించాలని కోరాడనీ చదివారు. అమ్మ బియ్యం చేట కింద పెట్టేసింది. మా ఊళ్లో ఉండటం ఇంక ఎక్కువ రోజులు కుదరదని ఆమెకు అప్పుడే అర్థమైపోయింది, ఆమె ముఖం చూసి నాకూ అర్థమైంది. తాత మాత్రం ఖజానా అంటే ఏందని నాన్నను అడిగాడు. సర్కారు గాదె, తాతా, అన్నాడు నాన్న. ఆయన అలా చెప్పడం మంచిదైందో కాలేదో నాకిప్పటికీ తేలలేదు.

మర్నాడు తాత ఊరిని కూర్చోబెట్టాడు. బుట్ట తెచ్చి పెట్టాడు, అయితే ఆ బుట్ట ఊరి కోసం కాదు.

"అంత పెద్దమనిషి నలుగుట్ల నిలవడి నా గాదెల గింజ లేదని జెప్పుకున్నడంటే, పాపం ఎంత గడ్డుగుంటే జెప్తడు. మనం ఇనీ ఇననట్టు కూసుంటమా?" అన్నాడు.

అమ్మ అడ్డం పడింది. వాళ్ల సంగతి వేరనీ, వాళ్ల లెక్కలు వేరనీ, నవ్వుతారనీ ఎన్నో విధాల చెప్పింది. తాత అన్నీ ఓపిగ్గా విని, ఎంత దూరాన ఉన్నా పెద్దరికం పెద్దరికమే గద బిడ్డా అని ఊరుకున్నాడు. ఊరు ఆయన మాట మీదే నిలబడింది. తమకే చాలీచాలని ఏడు అది, అయినా ఇంటింటి నుంచీ జొన్నలు, కందులు, గింజ తీసిన చింతపండు, ఎండిన ఇప్పపువ్వు వచ్చి బుట్టలు నిండాయి. చివరికి అమ్మ కూడా విసుక్కుంటూనే డబ్బాలోంచి దోసెడు బియ్యం తీసి నా చేత పోయించింది. సాయం చేశాక ఒక్కటి అడగడం పద్ధతి కాబట్టి, దవాఖానా ఉండనివ్వమని అడగాలని తీర్మానమైంది.

ఆ బుట్టలు నాన్న బస్సు మీదికెక్కాయి. లగేజీ టికెట్టు విషయంలో నాన్న ఎంత కచ్చితంగా ఉండేవాడంటే, మా పెద్దమ్మ కోడిపెట్టకు కూడా టికెట్టు కొట్టాడు. ఆ రోజు మాత్రం కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చున్నాడు. బడి లేదు కనుక నేనూ వెళ్లాను. ఉతికిన పంచె కట్టుకుని తాత ముందు సీట్లో, ఆయన వెనక నేను. అంత దూరం హైదరాబాదు ఎవరు పోగలరు, అందుకని మా శాసనసభ్యుడి ఇంటికే పోయాం. ఆయన సభకు వెళ్లి ఉన్నాడు. వసారాలో ఉన్న కుర్రాళ్లు బుట్టల్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఇంతలో ఆయన తల్లి, చెవులకు పెద్ద కమ్మలున్న ముసలావిడ, లోపల్నుంచి వచ్చి ఇవన్నీ ఏంది నాయనా అని అడిగింది.

"మీ సర్కారు పెద్దాయనకు, తల్లీ. గాదె ఖాళీ అయిందన్నడట గద" అన్నాడు తాత.

ఆవిడ ఒక బుట్టలో చెయ్యి పెట్టి గింజలు చూసింది. తర్వాత కుర్రాళ్లను కసురుకుని, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించి, బుట్టలు తానే దగ్గరుండి లోపల పెట్టించింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కో బుట్టలో ఒక కొబ్బరికాయ, బెల్లం ముక్క వేసి ఇచ్చింది. తాత అడగాల్సింది అడిగాడు, దవాఖానా తియ్యొద్దని, నర్సమ్మ తమ దగ్గరే ఉండాలని. ఆవిడ సరే అనలేదు, కాదనలేదు.

"నా కొడుక్కు జెప్త నాయనా. నాతోని అయ్యేది గదే" అంది.

ఆ నెలంతా తాత నిశ్చింతగా ఉన్నాడు. దవాఖానా కప్పు మీద జారిన పెంకులు సర్దించాడు. అక్క పొట్ట పెరుగుతోంది, నేను రోజూ వెళ్లి దాని మీద చెవి పెట్టి వచ్చేదాన్ని. నాకైతే దేవుడి మీద ఉన్న నమ్మకం కంటే తాత బుట్టల మీద నమ్మకం ఎక్కువగా ఉండేది. నాన్న మాత్రం ఆ జొన్నలు ఏ గొడ్ల కుడితిలోనో కలిసి ఉంటాయని అనబోతే, ఆ మాట ఊళ్లో వినపడకూడదని అమ్మ గట్టిగా చెప్పింది.

ఎండలు తగ్గకముందే ఉత్తర్వు వచ్చింది. దవాఖానా మూసేశారు, అమ్మను సత్తుపల్లికి వేశారు. మేము సామాను బస్సెక్కిస్తున్న రోజు ఊళ్లో వయసు పిల్లలు కోపంతో ఊగిపోయారు, గింజలు దిని ముఖం దిప్పుకున్నరని. తాత వాళ్లను కూర్చోమన్నాడు.

"తప్పు మాట. ఉంటే ఇయ్యడా? బుట్ట బోర్లిచ్చిండు, లేదని అర్థం" అన్నాడు.

నేను బస్సులో ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. వాగు దాటేదాకా వెనక్కే చూశాను, దాటాక కూడా చూశాను. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని కిరాయి ఇళ్లు మారినా, నా ఊరు అంటే నాకు అదే.

మళ్లీ వానాకాలం వచ్చింది, ఈసారి వానలు దండిగా పడ్డాయి. అక్కకు నెలలు నిండుతున్నాయని నాన్న కబురు మోసుకొచ్చాడు. అమ్మ సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. వాగు దగ్గర బస్సు ఆగిపోతే, ఊరి మగవాళ్లు తాడు కట్టి మమ్మల్ని నడుములోతు నీళ్లలో దాటించారు, అమ్మ సంచీ ఒకరు నెత్తిన పెట్టుకున్నారు. దవాఖానాకు తాళం వేసి ఉంది. తాత ఇంట్లోనే కాన్పు చేసింది అమ్మ, కష్టమైన కాన్పే, తొలిచూలు ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. పొద్దున వాన సన్నగా పడుతుంటే వసారాలో నిప్పు దగ్గర చేటలో బిడ్డను పడుకోబెట్టి కూర్చున్నాం. ఇంత అయ్యాక తాత సర్కారును ఏమైనా అంటాడేమో అని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే అంటే బాగుండునని ఉంది. ఆయన నిప్పు ఎగదోసి, అమ్మను అడిగాడు.

"నర్సమ్మా, మీకాడ రేడియో ఇనవడ్తది గద. ఆ పెద్దాయనకు ఇప్పుడు జర నయమేనా? ఇంట్ల పిల్లలు తింటున్నరా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నయమే తాతా, అంది. ఆ మాటకు ఆయన ముఖం తేటపడింది. కొత్త జొన్న రాంగనే ఇంత పంపుదమనుకుంటున్నం, అన్నాడు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుందట. సంతోషమే, ఆ మంచం మోతలు మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు. తాతా లేడు, అమ్మా లేదు. నా ఎదుట ఎందరో నాయకులు లేచి కష్టకాలమని చెప్పి కూర్చున్నారు, ఒక్కరి మాటా నేను నమ్మలేదు, నమ్మాలని వాళ్లూ అనుకోలేదు, దాంతో మా మధ్య ఏ గొడవా లేకుండా జరిగిపోతోంది. ఇందులో తెలివి ఉందని మా ఆయన అంటారు, ఉందేమో. కానీ నాకు మాత్రం ఎంతో దూరాన, ఎన్నడూ చూడని ఒక పెద్దమనిషి ఇంట్లో పిల్లలు అన్నం తిన్నారో లేదో అని ఒక్క పూటైనా బెంగపడాలని ఉంది. అంత బెంగకు తగిన మనిషి అక్కడ నిలబడితే చూడాలని ఉంది.