రెండు టిక్కీల పెదనాన్న, ఐదో గాడి

మనిషన్నాక వెధవ పనులు చేస్తాడు. వాటిలో కొన్నింటిని కాలం కప్పేస్తుంది, కొన్నింటిని అమ్మ కప్పిపుచ్చుతుంది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కప్పడం మా అమ్మ వల్ల కూడా కాలేదు. ఒక పెద్దమనిషి పరువునూ, ఒక మంచి మెకానిక్ పేరునూ ఒకే పూట, ఒకే టైలరు టేపుతో బజారున పడేసిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో డిప్లొమా రెండో ఏడు చదివేవాణ్ణి. మెకానికల్. అంటే ఇంజను బొమ్మ గీయడం వచ్చు, ఊడిన సైకిలు చైను ఎక్కించడం రాదు. ఒకరోజు నల్లపాడు స్టేషన్లో పాసింజరు ఎంతకీ రాకపోతే, పాత పుస్తకాలవాడి దగ్గర మోటారు సైకిళ్ల ఇంగ్లీషు పత్రిక ఒకటి కొన్నాను. అట్ట లేదు. అయినా నా కొంప ముంచడానికి లోపలి వ్యాసం చాలింది.

వ్యాసం సారాంశం మీకూ చెబుతాను, భయపడకండి, పరీక్ష పెట్టను. బండి మీద మనిషి కూర్చోగానే వెనక షాకబ్జర్ల స్ప్రింగు కొంత దిగుతుంది కదా, ఆ దిగుడును ఇంగ్లీషులో స్యాగ్ అంటారట. మరీ ఎక్కువ దిగితే గుంటలో పడ్డప్పుడు బండి అడుగంటుతుంది. మరీ తక్కువ దిగితే దారిలో ప్రతి గతుకూ నేరుగా మన నడ్డికే తగులుతుంది. అందుకని టేపు పెట్టి కొలుచుకుని, స్ప్రింగు కింద గాడులున్న రింగును తిప్పి సరిచేసుకోవాలి. మొదటి గాడి మెత్తన, ఐదో గాడి గట్టి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి నా తలకెక్కేసరికి నేను నేల మీద నడవడం మానేశాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అక్క కుట్టుమిషను టేపు మెళ్లో వేసుకుని ఊళ్లో కనబడ్డ ప్రతి బండి వెనకా వంగేవాణ్ణి. పిచ్చోడి చేతిలో రాయి ఉంటే ఒక్కడి తల పగులుతుంది. నా చేతిలో ఉన్నది టేపు కాబట్టి ఊరంతా ప్రమాదంలో పడింది.

మా ఊరి బళ్లన్నీ మస్తానన్న చేతిమీదే నడిచేవి. ఐదో తరగతి దాకా చదివాడు. వీధి మలుపులో చప్పుడు విని ఏ బండికి ఏం జబ్బో చెప్పేసేవాడు. మాట తక్కువ మనిషి. నేను అప్పుడు దాన్ని తెలివి తక్కువ అనుకున్నాను.

ఇక వెంకట్రామయ్య పెదనాన్న. మా నాన్నకి అన్న, ఊరి తగువులు తీర్చే పెద్దమనిషి. మిరపకాయలు తొక్కి కట్టిన గోనె బస్తాను మా వైపు టిక్కీ అంటారు, నలభై కిలోల పైమాటే. మాకు బరువేదైనా టిక్కీల్లోనే తోస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీలు మా పెదనాన్నకి ఏనాడో "రెండు టిక్కీల మనిషి" అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి మహా మురిపెం.

ఆ ఏడు కాయ కోతలకు ముందు పెదనాన్నా పెద్దమ్మా తిరుపతి వెళ్లి పదిరోజులుండి వచ్చారు. ఆయన గుండు చేయించుకోలేదు, పెద్దమ్మ లడ్డు తేలేదు. వచ్చిన దగ్గర్నుంచీ పెదనాన్న నలుగురిలో కూర్చోవడం మానేసి, తగువులు కూడా నిలబడే తీరుస్తున్నాడు. "దర్శనం అయ్యాక ఎంత వినయం వచ్చిందో" అని ఊరు మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. కాబోయే ఇంజనీరును కదా, ఆలోచించడం ఎందుకని ఊరుకున్నాను.

ఓ ఆదివారం పొద్దున మస్తానన్న షెడ్డు ముందు పదిమంది టీ తాగుతున్నారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. పక్కనే కల్లంలో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. ఆయిలు మార్చడానికి తెచ్చిన పెదనాన్న బండి అక్కడే ఉంది. అలవాటుగా వంగి చూశాను. రింగు మొదటి గాడిలో ఉంది!

"మస్తానన్నా, ఇదేంటి? పెదనాన్న రెండు టిక్కీల మనిషి. మొదటి గాడి నాలాంటి బక్కోడికి పెట్టేది."

మస్తానన్న చేతులు తుడుచుకుంటూ, "ఉండనీ తమ్ముడూ, ఆయనకి అదే బాగుంటది" అన్నాడు.

"ఎందుకు బాగుంటది? కారణం చెప్పు."

"కారణమేముంది? బాగుంటది, అంతే."

"అంతే అంటే కుదరదన్నా. దీనికో లెక్కుంది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు తమ్ముడూ? ఎక్కే మనిషి ఏమన్నా అన్నాడా?"

నేను నోరు తెరిచేలోగా మా నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి, "చదువుకున్నోడు చెబుతున్నాడుగా మస్తానూ, ఓసారి చూడనీ" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని నా ఒంట్లోకి పూనకం వచ్చింది.

అంతలో పెదనాన్న నడుచుకుంటూ వచ్చాడు.

"పెదనాన్నా, ఒక్క నిమిషం బండి మీద కూర్చో. కొలవాలి."

"నేను కూర్చోను."

"ఒక్క నిమిషమే!"

"అర నిమిషం కూడా కూర్చోను. కొలతలు పెళ్లికొడుక్కి తీస్తార్రా, నాకెందుకు?" అని మస్తానన్న వైపు చూశాడు. మస్తానన్న నేల వైపు చూశాడు. ఆ చూపులు రెండూ నేను చూశాను. చూసి ఏమీ అర్థం చేసుకోకపోవడానికి ఎంత చదువు కావాలో మీరే చెప్పండి. పెదనాన్న అక్కడ నిలబడితే మళ్లీ అడుగుతానని కాబోలు, కల్లంలోకి వెళ్లిపోయాడు.

మనిషి కూర్చోకపోతేనేం, ఆయన బరువు ఊరందరికీ తెలుసుగా! కల్లంలోంచి అప్పుడే తొక్కి కట్టిన రెండు టిక్కీలు మోయించి సీటు మీద పెట్టించాను. ఇద్దరు చెరోపక్కా పట్టుకున్నారు. తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లుతారనీ, అప్పుడే తొక్కిన టిక్కీ ఎక్కువ తూగుతుందనీ మా ఊళ్లో చీమిడి ముక్కు పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. పత్రికలో రాయలేదు కాబట్టి గుర్తుకు రాలేదు.

కొలవడం మొదలుపెట్టగానే మిరపకోరు లేచింది. పట్టుకున్నవాళ్లు తుమ్మారు. చూస్తున్నవాళ్లు తుమ్మారు. టేపు పట్టుకుని నేనూ తుమ్మాను. ఒక్కో తుమ్ముకు బండి అంగుళం లేచి అంగుళం దిగుతోంది. చివరికి రెండు తుమ్ముల మధ్య దొరికిన సందులో చదివాను. అంగుళం పైచిలుకు దిగాల్సింది రెండున్నర అంగుళాలు దిగింది.

"చూశారా! ఇన్నాళ్లూ మా పెదనాన్న నడుం విరగ్గొడుతున్నాడీయన."

జనం గుసగుసలాడారు. పొగాకు కాల్చే బేరన్లున్న సుబ్బారావు గారు, "అయితే నా బండికీ తప్పే పెట్టుంటాడు. రేపట్నుంచి గుంటూరు తీసుకెళ్తా" అన్నాడు. ఇంకో ఇద్దరు అవునన్నారు. మస్తానన్న మొహం కందిపోయింది. ఆయన కొక్కెం పానాతోనే, ఆయన షెడ్డు ముందే, రింగును ఐదో గాడిలోకి బిగించేశాను.

కాసేపటికి పెదనాన్న చేనుకు బయల్దేరాలని వచ్చాడు. మస్తానన్న అడ్డం వెళ్లి, "పెద్దాయనా, ఇవాళ్టికి నడిచి వెళ్లండి" అన్నాడు.

"వెళ్లనీవయ్యా, ఇప్పుడే కదా బండి బండిలా అయింది!" అన్నాను నేను.

నడుస్తానంటే నలుగురూ ఎందుకని అడుగుతారనుకున్నాడో ఏమో, పెదనాన్న సీటు మీద తువ్వాలు మడత వేసుకుని, దాని మీద నెమ్మదిగా ఆనుకుని బండి పోనిచ్చాడు. మా చేల దారి నల్లరేగడి. తడిగా ఉన్నప్పుడు ట్రాక్టర్లు తొక్కిన చాళ్లు ఎండితే రాయికన్నా గట్టిగా ఉంటాయి. మొదటి చాలు దాటాడో లేదో, ఒక కేక వినబడింది. కల్లంలో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. చేలో కొంగలు ఎగిరిపోయాయి. పెదనాన్న ఫుట్‌రెస్టుల మీద నిటారుగా నిలబడి, కళ్లనీళ్లతో బండి వెనక్కి తిప్పుకొచ్చాడు.

"ఏమైందీ, ఏమైందీ" అని అందరూ చుట్టుముట్టారు. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. నా మీదకు వస్తుందేమోనని భయపడి, "స్ప్రింగులు అరిగిపోయినా మస్తానన్న మార్చలేదు, అందుకే ఇలా అయింది" అన్నాను. సుబ్బారావు గారు వెంటనే అందుకున్నాడు: "అనుకున్నా! ఈ మనిషికి బళ్లిస్తే ఇంతే." తలో మాటా అన్నారు. ఒక్క ముక్క చెబితే మస్తానన్న బయటపడేవాడు. ఆయన హ్యాండిలు పట్టుకుని పెదనాన్నను దింపుతూ నోరు మూసుకునే ఉన్నాడు.

"ఆపండ్రా!" అని అరిచాడు పెదనాన్న. అందరూ ఆగారు.

"నేను తిరపతి పోలేదు. గుంటూరులో మొలలకి ఆపరేషన్ చేయించుకున్నా. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మీ వదిన తర్వాత ఆ సంగతి ఒక్క మస్తానుకే చెప్పా, బండి మెత్తగా పెట్టమని. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఇందాకట్నుంచి మీరందరూ తిడుతుంటే పడ్డాడే గానీ మాట తప్పాడా? ఆయన పేరు పోతుంటే నేను నోరు మూసుకుంటే, ఇంక నేను మీ తగువులేం తీరుస్తాను?" ఊపిరి తీసుకుని, నా వైపు తిరిగి, "ఇంకోటి వినరా. నేను రెండు టిక్కీల మనిషినీ కాదు. మజ్జిగన్నం తినీ తినీ టిక్కీన్నర అయ్యాను" అన్నాడు.

అంత పెద్దమనిషి, ఆడవాళ్లూ మగవాళ్లూ వింటుండగా, ఒక మెకానిక్ కోసం ఆ మాట చెప్పుకున్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. రేగడి నెర్రెలు కూడా నాకు సరిపడా లేవు.

"అన్నా, తప్పయిపోయింది" అన్నాను మస్తానన్నతో.

ఆయన కొక్కెం పానా నా చేతిలో పెట్టి, "ముందు విప్పు తమ్ముడూ" అన్నాడు, అంతే.

మోకాళ్ల మీద కూర్చుని విప్పాను. లేవబోతుంటే వెనక ఎవరో దగ్గారు. సుబ్బారావు గారు. బండి ఎక్కలేదు, నడిపించుకుంటూ తెచ్చాడు. గొంతు తగ్గించి, "మస్తానూ, నాది కూడా కాస్త మొదటి గాడిలో..." అన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన. ఆయన వెనక ఇంకొకాయన. పొద్దున పచ్చిమిరపకాయ, మధ్యాహ్నం గొడ్డుకారం, రాత్రికి ఊరగాయ తినే ఊళ్లో ఈ బాధ మా పెదనాన్న ఒక్కడిదే ఎలా అవుతుంది? మస్తానన్న ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను చూపించి పక్కకు తప్పుకున్నాడు. ఒక్కొక్కటే విప్పాను.

ఆఖరి బండి దగ్గర తలెత్తి చూస్తే మా నాన్న.

"నీకూనా నాన్నా?"

"రెండేళ్లయింది."

"మరి బుధవారం నీ బండి ఐదో గాడికి నేనే బిగించానుగా! అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

నాన్న అటూ ఇటూ చూసి, మెల్లిగా అన్నాడు: "మావాడు ఇంజనీరవుతున్నాడు, వాడే స్వయంగా బిగించాడని నలుగురికీ చెప్పుకున్నానురా. చెప్పుకున్నాక మళ్లీ విప్పమని ఎట్లా అడిగేది? నాలుగు రోజుల్నుంచి నిలబడే తోలుతున్నా."

కాబట్టి ఎండిన రేగడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మనిషి కిందా ఏదీ కొలవను, బిగించను. ఏ పెద్దమనిషైనా నిలబడి ఉంటే అది వినయమని పొగడను. కారణం చెప్పని మెకానిక్‌ని కారణం అడగను. ఈ మాట తప్పిన రోజున నన్ను ఐదో గాడిలో బిగించిన బండి ఎక్కించి, చేలకు అడ్డంపడి గుంటూరు దాకా తీసుకెళ్లండి. తువ్వాలు కూడా వెయ్యొద్దు.